నలభై ఒకటో స్లాబు

ఆ రోజు దిమ్మ పగల్లేదు, మిషను పగిలింది.

కాంక్రీటు ఎంత గట్టిదో తేల్చాలంటే ఒక దిమ్మను ఇనుప దవడల మధ్య పెట్టి పగిలేదాకా నొక్కుతారు. ఎంత బరువుకు పగిలిందో రాసుకుంటారు. ఏ ల్యాబులోనైనా జరిగేది ఇంతే. మణెమ్మ పెట్టిన దిమ్మ మాత్రం బరువు పెరిగేకొద్దీ మొండికేసింది. ముల్లు ఎర్రగీత దాటింది. ఆ మరుక్షణం పై దవడ ఫెళ్లున విరిగి, ఒక ఇనుప ముక్క ఆమె ఎడమ చెంపను చీల్చుకుంటూ పోయి గోడలో దిగబడింది. నెత్తురు మెడ మీదుగా తెల్లకోటులోకి కారుతుంటే ఆమె చేసిన మొదటి పని, ఆ దిమ్మను రెండు చేతులా ఎత్తి అటూ ఇటూ తిప్పి చూడడం. వెంట్రుకవాసి బీట కూడా లేదు. ఆమె నవ్వింది. ఏడు కుట్లు వేయించుకుని వచ్చాక కూడా నవ్వుతూనే ఉంది. మూడేళ్లు తిండీ నిద్రా మాని చేసిన పని ఫలిస్తే ఎవరు మాత్రం నవ్వరు?

మేస్త్రీలు కలిపిన కాంక్రీటును మాలు అంటారు. మామూలు మాలు పోసిన రోజే గడ్డకట్టినా, బలం రావడానికి ఇరవై ఎనిమిది రోజులు నీళ్లు పట్టాలి. మణెమ్మ మాలు అలా కాదు. పోసినంతసేపూ దోసెల పిండిలా జారుతూ ఉంటుంది. లోపలి ఇనుప చువ్వల గుండా ఒక్కసారి కరెంటు పంపితే క్షణంలో బిగుసుకుని, తొంబై సెకన్లలో రాయి అయిపోతుంది. చేత్తో తాకినా చీమ కుట్టినంత కరెంటే అది. వేడి మాత్రం కుతకుతలాడే నీళ్లంత. గంటన్నరలో చల్లారాక దాని మీద ఏనుగుల్ని నడిపించినా చెక్కు చెదరదు. కూలీలు దానికి 'కరెంటు మాలు' అని పేరు పెట్టేశారు.

ఆమె కంపెనీ ఎండీ శశాంక్‌కు ఇంకేం కావాలి? నగరం పడమటి కొసన అప్పటికే టవర్లు ఒకదాని భుజం మీది నుంచి ఇంకొకటి తొంగిచూస్తున్నాయి. ముందు ఎవరు లేపితే వాళ్లదే రాజ్యం. నభస్ అని పేరు పెట్టి, అరవై రోజుల్లో అరవై అంతస్తులు అని ప్రకటించాడు. ఊరంతా హోర్డింగులు, వాటి మీద ప్రతి ఉదయం మారే అంకె. జనం బస్సుల్లోంచి తల బయటపెట్టి క్రికెట్ స్కోరు అడిగినట్టు ఎన్నో అంతస్తని అడిగేవాళ్లు. పైన ముప్పయ్యో స్లాబు పడుతుండగానే కింద పన్నెండు అంతస్తుల్లో సంసారాలు దిగిపోయాయి. పాలు పొంగించారు, బాల్కనీల్లో తులసికోటలు పెట్టారు. తల మీద ఇల్లు ఇంకా మొలుస్తుంటే కింద పప్పు తాలింపు పెట్టుకోవడం ఈ నగరానికి వింతగా తోచలేదు.

మణెమ్మ నాయిన ఆశప్ప మక్తల్ వైపు పల్లె నుంచి వచ్చి, ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ నగరానికి మేడలు కడుతున్న మేస్త్రి. నభస్ మీద నూట ఇరవై మంది అతని మాట మీద పనిచేసేవాళ్లు. కూతురు మూడు గదుల ఫ్లాటులో ఉన్నా, తాను మాత్రం సైటు పక్కన రేకుల షెడ్డు వదల్లేదు. ఆదివారం మధ్యాహ్నం వచ్చి, ఆమె చేసిన జొన్నరొట్టెలకు వంకలు పెడుతూనే నాలుగు లాగించి పోయేవాడు.

"గింత జల్ది ఏంది బిడ్డా? మాలుకు నీళ్లు తాపాలె. పసిపోరన్ని జూసినట్టు జూడాలె. గట్లయితేనే అది ఇల్లయితది."

"ఈ మాలు నీళ్లు తాగదు నాయినా."

"తాగంది బతుకుతదా?"

"బతికేటందుకు కాదు, నిలబడేటందుకు జేసిన."

ఆశప్ప ముద్ద నములుతూ కూతుర్ని కాసేపు చూశాడు. "నువ్వు జేసినవంటే మంచిగనే ఉంటది తియ్," అన్నాడు. నూట ఇరవై మందిని వెంటేసుకుని అతను ఆ టవరెక్కింది ఆ ఒక్క నమ్మకం మీదనే.

ఆ ఆదివారమే ఆమె అతనికి కొత్త బూట్లు తొడిగి చూపించింది. కరెంటు పంపేటప్పుడు స్లాబు మీద మనిషన్నవాడు ఉండకూడదు. అందుకని ప్రతి బూటు అడుగున ఒక చిప్ పెట్టింది. పైన ఎన్ని బూట్లున్నాయో కంట్రోల్ రూములో తెర మీద కనిపిస్తుంది. ఒక్క బూటున్నా మీట పడదు. హెల్మెట్లో పెట్టమని శశాంక్ అన్నాడు గానీ ఆమె ఒప్పుకోలేదు. ఎండకు హెల్మెట్ తీసి పక్కన పెడతారు, దాంట్లో నీళ్లు కూడా పట్టుకుంటారు, తనకు తెలియదా? బూట్లు అలా కాదు. సిమెంటు కాళ్లను తినేస్తుంది, బూట్లు లేకుండా మాలులో ఎవడు దిగుతాడు?

ఆశప్ప బూట్లు వేసుకుని రెండడుగులు వేసి, వేళ్ల దగ్గర బిగుతుగా ఉన్నాయని సణిగాడు. విప్పి గోడకు ఆనించి పెట్టాడు.

ముప్పై ఏడో స్లాబు రోజు ఎల్లప్ప చనిపోయాడు. అంత ఎత్తుకు మాలును తోసే పంపు పైపు, పొద్దున పదింటికి కీలు దగ్గర పేలింది. తెగిన పైపు పాములా లేచి, కొసన పట్టుకుని ఉన్న ఎల్లప్ప రొమ్ము మీద కొట్టింది. ఆ దెబ్బకు అతను వెనక్కి ఎగిరి, స్తంభం కోసం నిలబెట్టిన చువ్వల మీద పడ్డాడు. రెండు చువ్వలు వీపులోంచి దిగి ముందుకొచ్చాయి. అతని తమ్ముడు మొగులప్ప పది అడుగుల దూరంలో చువ్వలు కడుతున్నాడు. అన్న నోరు తెరిచి ఏదో చెప్పబోవడం చూశాడు, మాట బదులు నెత్తురొచ్చింది.

వాకీటాకీలో శశాంక్ గొంతు వినిపించింది. "పైపు మార్చండి. పోసుడు ఆపొద్దు."

ఆపలేదు. మొగులప్ప చేతులారా చువ్వలు కోసి అన్నను కిందికి దించుతుంటే, అవతలి మూల మాలు పడుతూనే ఉంది. శవం నలభై నిమిషాలు టార్పాలిన్ కింద ఉంది. స్లాబు పూర్తయింది, హోర్డింగు మీద అంకె మారింది.

మర్నాడు కూలీలు షెడ్ల ముందు కూర్చుండిపోయారు. మధ్యాహ్నానికి బౌన్సర్లు దిగారు. లేవమన్నారు, లేవలేదు. కర్రలు లేచాయి. మొగులప్పకు రెండు పళ్లు రాలాయి. అడ్డం పోయిన ఒక ముసలామె మోచెయ్యి విరిగింది. అప్పుడు శశాంక్ మణెమ్మను పిలిచి, కుర్చీ చూపించి, చాలా మర్యాదగా అన్నాడు: "మణీ, మీ నాన్నగారు చెబితే వింటారు. ఒకసారి మాట్లాడు."

ఆమె వెళ్లింది. ఆశప్ప షెడ్డు గడపలో కూర్చుని మొగులప్ప నోటికి తడిగుడ్డ అద్దుతున్నాడు.

"అడుగు పెట్టకుండ ముప్పై అయిదు స్లాబులేసినం," అన్నాడు తలెత్తకుండా. "ముప్పై ఏడోది మనిషినడిగింది. గదే అంటున్నరు అందరు."

అడుగు పెట్టడమంటే ఏమిటో మణెమ్మకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆమె అమ్మ తట్టలు మోసిన రోజుల్లో ఇసుక కుప్ప మీద కూర్చుని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. స్లాబు పడ్డ రోజు మేస్త్రి ఈశాన్యం మూలన పచ్చి మాలులోకి దిగుతాడు. ఒక పసుపు కొమ్ము, మొలతాడుకు కట్టుకొచ్చిన సొంతూరి మట్టి చిటికెడు, కాలికింద తొక్కి, 'తల్లీ, మా అడుగు నీ మీద, నీ చెయ్యి మా మీద' అంటాడు. అది అయితేనే మిగతావాళ్లకు ఆ కప్పు మీద నడిచే ధైర్యం. నభస్ మొదటి స్లాబుకు ఫొటోలు తీసి మరీ చేయించారు. రెండో రోజు నుంచి శశాంక్ మానిపించాడు. పంపు ఆగకూడదు.

"అది పైపు తప్పు నాయినా. ప్రెషర్ ఎక్కువైంది."

"నీ లెక్క నీది బిడ్డా. ఈళ్ల భయం ఈళ్లది. పది నిమిషాలియ్యమను, చాలు."

ఆమె వెళ్లి అడిగింది. పది నిమిషాలు కాదు, పది సెకన్లు కూడా ఇవ్వనన్నాడు శశాంక్. తిరిగొచ్చి ఆ మాట అనడానికి ఆమెకు నోరు రాలేదు. "ఆలోచిస్తమన్నరు, ముందుగల్ల పనెక్కమన్నరు," అని అబద్ధం చెప్పింది. ఆశప్ప కూతురి మొహం చూశాడు. ఆమె కుట్ల మచ్చ మీద చెయ్యి వేసుకుని నేల చూసింది. అతనికి అర్థమైంది. లేచి అందరితో, "నా మాట మీద ఎక్కుండ్రి. అడుగు సంగతి నేను జూసుకుంట," అన్నాడు.

ఎలా చూసుకుంటాడో ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఈ కథే లేదు.

పోయడం అయిపోగానే మొదటి సైరన్ మోగుతుంది, అందరూ దిగిపోతారు. అయిదు నిమిషాలకు రెండోది మోగుతుంది, చువ్వల్లోకి కరెంటు పంపుతారు. పోసేటప్పుడు సూపర్‌వైజర్లు, కెమెరాలు. ఆశప్పకు చిక్కేది ఆ నడిమి అయిదు నిమిషాలే. అందర్నీ దింపి, తానూ మెట్ల దాకా దిగి, మళ్లీ ఎక్కి, మూలకు పోయి, మూడు నిమిషాల్లో వచ్చేసేవాడు. ముప్పై ఎనిమిదికి అలాగే చేశాడు. ముప్పై తొమ్మిదికీ, నలభైకీ చేశాడు. కూలీల మొహాల్లో మళ్లీ కళ కనిపించింది. మణెమ్మ మాత్రం భయం వదిలిందనుకుని సంతోషపడింది.

నలభై ఒకటో స్లాబు రోజు వేరే నగరాల నుంచి పెద్ద బిల్డర్లు వచ్చారు. ఆరు నగరాలకు ఆరు ఒప్పందాలు. ఎదురు టవరు మీద షామియానా వేయించి, వాళ్లకు ఎండ తగలకుండా కూర్చోబెట్టాడు శశాంక్. మణెమ్మ ముప్పై తొమ్మిదో అంతస్తులోని కంట్రోల్ రూములో ఉంది. మొదటి సైరన్ మోగి రెండు నిమిషాలైంది. ఫోను మోగింది.

"బూట్లెన్ని?"

"సున్నా సార్."

"మరింకెందుకు ఆగడం? వీళ్లు గడియారాలు చూస్తున్నారు."

నిజమే కదా, ఎందుకు ఆగడం, అని ఆమెకూ అనిపించింది. ఎవరూ బలవంతపెట్టలేదు, చెయ్యి పట్టుకుని నొక్కించలేదు. తెర మీద సున్నా ఆమె చేసిన సున్నాయే. దాన్ని నమ్మి మీట నొక్కింది.

కేక రెండు కప్పులు దాటుకుని వినిపించింది. ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి ఆమెకు అరక్షణం పట్టలేదు. కుర్చీ తన్నేసి మెట్ల వైపు ఉరికింది. నలభయ్యో అంతస్తు మలుపులో గోడకు ఆనించి ఒక జత బూట్లు, సాక్సులు మడిచి లోపల పెట్టి ఉన్నాయి. అమ్మవారి ముందుకు చెప్పులతో పోయే మనిషా ఆయన? ఆయనే కాదు, ఈ నూట ఇరవై మందిలో ఒక్కడు పోతాడా? ఇసుక కుప్ప మీద కూర్చుని చూసిన పిల్లకు ఆ సంగతి తెలుసు, చిప్ పెట్టిన ఇంజనీరుకు గుర్తు రాలేదు. మణెమ్మ ఆ బూట్లను దాటి పైకెక్కింది.

ఈశాన్యం మూలన ఆశప్ప కాళ్లు చీలమండల పైదాకా రాయిలో ఉన్నాయి. చుట్టూ ఆవిరి. లాక్కోబోయి వెనక్కి కూలబడ్డాడు, ఆనించిన అరచేతులు కాలి తోలు స్లాబుకు అంటుకుంది. నలుగురు చంకల కింద చేతులేసి లాగుతున్నారు. లాగినప్పుడల్లా అతను అరుస్తున్నాడు. మొగులప్ప బ్రేకర్ మిషను తెచ్చి కాళ్ల పక్కన గుచ్చాడు. నాలుగో దెబ్బకు దాని మొన టప్పున విరిగింది. ఎవరో బిందెడు నీళ్లు కుమ్మరించారు, అవి మరిగి మొహాల మీదికి ఎగిశాయి. ఉడుకుతున్న మాంసం వాసన ఆ అంతస్తంతా కమ్ముకుంది.

సైటు ఆంబులెన్సు నర్సు సూది ఇచ్చి, నాడి చూసి, మణెమ్మ చెవిలో చెప్పింది: "ఈ వేడి ఇలా ఎక్కుతుంటే పావుగంట. ఆ పైన మనిషి దక్కడు."

లిఫ్టులో శశాంక్ వచ్చాడు. అంత పెద్ద మనిషి మొహం సున్నంలా ఉంది. మణెమ్మ అతని చొక్కా పట్టుకుని పక్కకు లాగింది.

"ఉల్టా కరెంటు ఇస్తే ఇది మళ్లీ ఇసుక అయిపోతుంది సార్. ల్యాబులో మీకు చూపించాను."

"ఇవ్వు మరి!"

"టవరు మొత్తం ఇనుము ఒకటే వల. ఇక్కడ ఇస్తే పునాది దాకా పాకుతుంది. కింద సంసారాలున్నాయి. ఈ మూల చుట్టూ రంపంతో కోసి వేరు చేస్తే ఇవ్వచ్చు. అందుకు నాలుగు గంటలు కావాలి."

నాలుగు గంటలు లేవని ఇద్దరికీ తెలుసు. శశాంక్ కళ్లు ఎదురు టవరు మీది షామియానా వైపు వెళ్లి వచ్చాయి. చొక్కా విడిపించుకుని గొంతు తగ్గించాడు. "ఉల్టా అన్న మాట ఇంకోసారి నీ నోట్లోంచి రాకూడదు మణీ. ఎవరి ముందూ."

ఆశప్ప విన్నాడు. ఎంత విన్నాడో తెలియదు, తనకు కావలసింది మాత్రం విన్నాడు. "బిడ్డా," అన్నాడు. "కొయ్యమను."

చువ్వలు కట్టే తీగె తెచ్చి మోకాళ్ల కింద రెండు కాళ్లకూ బిగించింది మణెమ్మే. కొక్కెంతో మెలి తిప్పుతుంటే తీగె కండలోకి దిగింది. చువ్వలు కోసే గ్రైండరు మొగులప్ప చేతిలో ఉంది. మొన్న అన్నను దించిన చేతులే. అతను తల అడ్డంగా ఊపుతూ ఏడుస్తున్నాడు.

"నువ్వే కొయ్యాలె మొగులప్పా," అన్నాడు ఆశప్ప. "నీ చెయ్యి వంకర పోదు."

ఆమె వేడికి అడ్డంగా చెక్కలు పరిచి కూర్చుని, నాయిన తలను ఒళ్లో పెట్టుకుని, కొరకడానికి తన ముంజేయి అందించింది. గ్రైండరు తిరిగింది. ఎముక తగిలినప్పుడు దాని గొంతు మారింది. నెత్తురు చిమ్మి వేడి స్లాబు మీద పడి సుయ్యిమంటూ నల్లబడింది. ఆశప్ప పళ్లు ఆమె చేతిలో ఎముక దాకా దిగాయి, ఆమె చెయ్యి తీయలేదు. రెండో కాలు సగంలో ఉండగా అతనికి స్పృహ తప్పింది. మొగులప్ప పూర్తి చేసి, మిషను పారేసి, అక్కడే కక్కుకున్నాడు.

ఎదురు టవరు మీద బిల్డర్లకు ఏదో మిషను సమస్య అని చెప్పారట. మర్నాడు హోర్డింగు మీద నలభై రెండు పడింది.

ఆశప్ప బతికాడు. ఆసుపత్రిలో పదో రోజున కళ్లు తెరిచి, దుప్పటి ఎక్కడ చదునైపోయిందో చూసుకున్నాడు. తర్వాత ఒకటే అడిగాడు.

"నా కాళ్లేడున్నయి?"

"ఆడనే నాయినా."

"తెచ్చియ్యి. మావోళ్లల్ల ఏలు తెగినా మట్టిల పెడ్తరు. నేను సచ్చినాడు సగం మనిషినే బొంద పెడ్తరా? వాటి మీద ఎవరో మంచమేసుకుంటరు బిడ్డా. ఎవరో వండుకుంటరు."

మణెమ్మ మంచం పక్కన నేల మీద కూలబడింది. అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది చెప్పింది. టవరు నెత్తిన పిడుగు పడితే అది పోయేది ఆ ఇనుప వలలోంచే. పడ్డ పిడుగు ఉల్టా కరెంటుది అయితే, టవరంతా ఇసుక కావడానికి తొంబై సెకన్లు కూడా పట్టదు. శశాంక్‌కు ఏడాది కిందటే చెప్పింది. వెయ్యిలో ఒకటి, మరిచిపో అన్నాడు.

"మరిచిపోయినవా?"

"లేదు. తెలిసే ఊకున్న."

"ఎందుకూ?"

"నేను జేసిన మాలు నాయినా." ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. "మంచిదనుకోవాలనిపించింది."

ఆశప్ప కిటికీ వైపు తిరిగాడు. రోహిణి ఎండలు పోయి పడమటి నుంచి మబ్బు పడుతోంది. "కాళ్లు లేంది నాకు. నీకున్నయి గద," అన్నాడు. ఓదార్చలేదు, తిట్టలేదు.

ఆ సాయంత్రమే శశాంక్ పళ్లబుట్టతో వచ్చాడు. పోయిన కాళ్లకు బదులుగా నలభై ఒకటో అంతస్తులో ఫ్లాటు ఆమె పేర రాసిస్తానన్నాడు. ఈశాన్యం మూలదే. బుద్ధి లేక అన్నాడో, జాలి పడి అన్నాడో గానీ నోరు జారలేదు, కాగితం కూడా తెచ్చాడు. మణెమ్మ సంతకం పెట్టి తాళంచెవి తీసుకుంది.

నభస్‌లో ఆదివారం నాడు ఫ్లాటు ఓనర్లను పైకి వదులుతారు. ఓనరు వెంట ఇంటీరియర్ పనివాళ్లు వచ్చినా ఎవరూ ఆపరు. కప్‌బోర్డులకని రంపాలు, డ్రిల్లులు తెచ్చుకోవడం మామూలే. మణెమ్మ వెనక మొగులప్ప, ఇంకో అయిదుగురు వజ్రపు పళ్ల రంపం, ఒక వెల్డింగ్ మిషను మోసుకుని గేటు దాటారు. సెక్యూరిటీ వాడు సలాం కూడా కొట్టాడు.

నాలుగు గంటలు కోశారు. కింద స్లాబుకు ఆసరాగా కొట్టిన సెంట్రింగు చెక్కలు ఆ మూలన ఇంకా విప్పలేదు కాబట్టి ముక్క జారిపడే భయం లేదు. రంపానికి పోసిన నీళ్లు బురదై నలభయ్యో అంతస్తు గోడ మీదుగా కారాయి. ఇంకో జానెడు ఉండగా ఆ కారడం చూసి బౌన్సర్లు ఎక్కి వచ్చారు, ఎనిమిది మంది. వెనకే శశాంక్ రొప్పుతూ వచ్చాడు. మొగులప్పా, అయిదుగురూ మెట్ల నోటి దగ్గర అడ్డం నిలబడ్డారు. ఈసారి కూర్చోలేదు. చువ్వ ముక్కలు చేతిలోకొచ్చాయి. మొదటి బౌన్సరు కర్ర మొగులప్ప భుజం విరిచింది, మొగులప్ప చువ్వ వాడి దవడ విరిచింది. ఇరుకు మెట్లు, ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు, వేళ్లు నలిగాయి, ఎవరి చెవో తెగి వేలాడింది. రెయిలింగు లేని చోట ఒకడు అంతస్తు కిందికి పడి, నడుం పట్టుకుని గిలగిలా కొట్టుకున్నాడు.

మణెమ్మ తల తిప్పలేదు. ఆఖరి జానెడు కోసింది. వెల్డింగ్ మిషను తీగెలు తారుమారు చేసి, కోసిన ముక్క అంచున బయటపడ్డ చువ్వలకు బిగించింది. శశాంక్ అందర్నీ దాటుకుని వచ్చి ఆమె జడ పట్టుకుని వెనక్కి గుంజాడు. ఆమె అతని చేతిని కాదు, మీటను పట్టుకుంది.

ముందు సన్నగా గీరిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆ మూల, మిషన్లనే విరగ్గొట్టిన ఆ రాయి, ఉన్నపళాన కుంగింది. చెక్కల మీద ఇసుక రాశి అయింది. అంచుల నుంచి కిందికి జలజలా కారింది. కొట్లాట ఆగిపోయింది. మొగులప్ప నోటి నెత్తురు తుడుచుకోవడం మర్చిపోయి చూశాడు. బౌన్సర్లు తాము నిలబడ్డ నేల వైపు చూసుకున్నారు. ఒకడు కర్ర వదిలేసి మెట్లు దిగడం మొదలుపెట్టాడు, రెండోవాడు వాడి వెనకే ఉరికాడు.

శశాంక్ చేతిలోంచి జడ జారిపోయింది. "మణీ," అన్నాడు. ఇసుక అంచు నుంచి రెండడుగులు వెనక్కి జరిగాడు.

ఆమె ఇసుకలో చేతులు పెట్టి వెతికింది. ఒకటి దొరికింది. ఇంకొకటీ దొరికింది. గట్టిగా, నల్లగా, తోలు ఎముకకు అంటుకుపోయి ఉన్నాయి. ఎడమ పాదం మీద చిన్నప్పుడు తాను లెక్కపెట్టుకుంటూ ఆడుకున్న వేళ్లు అయిదూ ఉన్నాయి. ఆమె వాటిని సిమెంటు సంచిలో పెట్టుకుని, గుండెకు అదుముకుని లేచింది. పడమట మబ్బు నల్లగా దిగి ఉంది. ఎక్కడో దూరాన ఉరిమింది.

ఆమె దిగడం మొదలుపెట్టింది. ఎవరూ అడ్డం రాలేదు. సంసారాలున్న అన్నిటికన్నా పై అంతస్తు, పన్నెండో దాంట్లో ఆగింది. మొదటి తలుపు కొట్టింది. లుంగీ కట్టుకున్న మనిషి తలుపు తీశాడు. లోపల టీవీ మోగుతోంది, ఎవరో పూరీలు వేయిస్తున్నారు.

"దిగిపోండి సార్. అందర్నీ తీసుకుని ఇప్పుడే దిగిపోండి. పిడుగు పడితే ఈ టవరు ఇసుక అయిపోతుంది."

అతను ఆమె చెంప మీది మచ్చను, చిరిగిన చొక్కాను, మోచేతుల దాకా అంటిన దుమ్మును ఎగాదిగా చూశాడు. "ఎవరమ్మా నువ్వు? ఎవరు పంపారు? పక్క టవరు వాళ్లా?"

"ఈ మాలు కనిపెట్టింది నేనే."

"పట్టపగలే తాగొచ్చావా ఏం? సెక్యూరిటీని పిలుస్తా," అని తలుపు వేయబోయాడు.

మణెమ్మ తలుపు సందులో కాలు పెట్టి ఆపింది. సంచి మూతి విప్పి, అతని ముందు పట్టుకుంది.

అతను లోపలికి చూశాడు. రెండోసారి చూశాడు. వెనక్కి తిరిగి, భార్యను పేరు పెట్టి, ఇల్లు అదిరేలా కేకేశాడు. పొయ్యి మీద పూరీ మూకుడు అలాగే ఉండగా ఆవిడ పిల్లను చంకనేసుకుని బయటికొచ్చింది. ఆ కేకకు పక్క తలుపు తెరుచుకుంది. మణెమ్మ సంచి అటు తిప్పింది.

పది నిమిషాల్లో పన్నెండో అంతస్తు ఖాళీ అయింది. ఆమె పదకొండో అంతస్తుకు దిగి, మొదటి తలుపు కొట్టింది.